"వద్దురా, కాసేపు వదిలెయ్" అన్న మనిషికి సాయం చేసేదెలా?

ప్రశ్న: అక్కా, నాకు రెండున్నరేళ్ల అనుభవం. గచ్చిబౌలిలో జీతాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పనిచేస్తున్నా. పోయిన నెలాఖరు రాత్రి బ్యాంకుకి వెళ్లాల్సిన జీతాల ఫైల్ తయారుచేసే జాబ్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) మధ్యలో ఆగిపోయింది. ఆ రోజు ఆన్‌కాల్‌లో, అంటే సమస్య వస్తే చూడాల్సిన డ్యూటీలో, ఉన్నది మా సీనియర్. నాకు పని నేర్పిందే ఆయన, అన్నా అనే పిలుస్తా. రాత్రి 8 గంటలకి మొదలైంది. కాల్‌లో పదిహేను మంది ఉన్నారు, కీబోర్డ్ ముందు మాత్రం ఆయనొక్కడే. నేను రెండుసార్లు వెళ్లి "అన్నా, ఏమైనా హెల్ప్ కావాలా?" అని అడిగా. మొదటిసారి "చూస్తున్నాలే" అన్నాడు. రెండోసారి తల కూడా తిప్పకుండా "వద్దురా, కాసేపు వదిలెయ్" అన్నాడు. పదిన్నరకి నేను ఇంటికెళ్లిపోయా. తెల్లవారుజామున 4 గంటలకి గానీ సమస్య తీరలేదట. మర్నాడు మీటింగ్‌లో మేనేజర్ "ఒక్కరూ తోడు నిలబడలేదు" అన్నాడు. అన్న ఏమీ అనలేదు గానీ అప్పట్నుంచి ముభావంగా ఉంటున్నాడు. అడిగితే వద్దన్నాడు కదక్కా, నేనింకేం చేయాలి? వద్దన్నా మీదపడి చేయాలా? (పేరు వద్దు, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగావు, అదీ రెండుసార్లు అడిగావు. చాలామంది ఆ మాత్రం కూడా లేవరు, కాబట్టి నీ మనసు గురించి నాకు ఏ అనుమానమూ లేదు. ఇబ్బంది వచ్చిందల్లా అడిగిన తీరుతోనే. "ఏమైనా హెల్ప్ కావాలా?" అనేది మామూలు రోజున మంచి మాటే, కానీ నెత్తిమీద నిప్పులు పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ ప్రశ్న ఇంకో పని అయి కూర్చుంటుంది. దానికి జవాబు చెప్పాలంటే ఆయన చేస్తున్నది ఆపాలి, బుర్రలో తిరుగుతున్న నాలుగైదు అనుమానాల్లో ఏది విడదీసి నీ చేతిలో పెట్టొచ్చో ఆలోచించాలి, అది నీకు వచ్చో రాదో, నీకు ఆ సర్వర్ యాక్సెస్ ఉందో లేదో గుర్తుచేసుకోవాలి, ఆ తర్వాత కథంతా మొదట్నుంచీ చెప్పాలి. అంత తీరిక ఆయనకెక్కడిది? అన్నిటికన్నా తక్కువ శ్రమతో అయిపోయే జవాబు "వద్దురా", అందుకని అది అనేశాడు. ఆ వద్దు నిన్ను అన్నట్టు నాకు అనిపించలేదు, ఆ ప్రశ్నని అన్నట్టే అనిపించింది.

ఇంత గట్టిగా ఎలా చెప్పగలనంటే ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక క్లయింట్ ఆర్డర్ల సిస్టమ్, శుక్రవారం రాత్రి, ఉన్నట్టుండి అప్లికేషన్ మొత్తం బిగుసుకుపోయింది. చూస్తే అప్లికేషన్ డేటాబేస్‌తో మాట్లాడే దారులు, అంటే కనెక్షన్లు, అయిపోయాయి. అందరూ పంచుకుని వాడుకునే కనెక్షన్ల గుంపులో, అంటే పూల్‌లో, ఉన్నవి 40, నలభైకి నలభై ఎవరో పట్టుకుని వదలట్లేదు. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది, మళ్లీ పడిపోతుంది. ఒకసారి పదకొండు నిమిషాలు నిలబడింది, ఇంకోసారి ఐదు నిమిషాలకే పోయింది. ఒక లెక్కా పాడూ లేదు. కాల్‌లో డజను మంది, రెండు నిమిషాలకోసారి కొత్తగా ఒకరు చేరడం, చేరినవాళ్లు "రీస్టార్ట్ చేశారా?" అనడం, నేను చేశామని చెప్పడం. ఆ తర్వాత "ఈటీఏ ఎంత?" అంటారు. ఏం పోయిందో తెలియకుండా ఎప్పటికి బాగవుతుందో ఎలా చెప్తాం? కానీ అడుగుతూనే ఉంటారు, ఎందుకంటే వాళ్ల పైవాళ్లు వాళ్లని అడుగుతున్నారు. ఆ రాత్రి నన్ను "హెల్ప్ కావాలా?" అని నలుగురైనా అడిగి ఉంటారు. అందరికీ వద్దనే చెప్పాను. వాళ్లలో ఇద్దరు నాకన్నా ఆ సిస్టమ్ బాగా తెలిసినవాళ్లు, అయినా వద్దన్నాను. వాళ్లకి ఏం చెప్పాలో, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో నాకే తెలియలేదు.

అప్పుడు మా టీమ్‌లో చేరి ఏడాది కూడా కాని అమ్మాయి ఒకతె కుర్చీ లాక్కుని నా పక్కన, కొంచెం వెనగ్గా కూర్చుంది. ఏమీ అడగలేదు. మా చాట్ మొత్తం పైనుంచి కిందిదాకా చదువుకుంది, పావుగంట పట్టి ఉంటుంది. తర్వాత ఒక చిన్న కాగితం మీద రాసి నా కీబోర్డ్ పక్కన పెట్టింది: "అక్కా, కాల్ నేను చూసుకుంటా. మీరు మ్యూట్ చేసి హెడ్‌ఫోన్స్ తీసేయండి. అరగంటకోసారి అప్‌డేట్ నేనే ఇస్తా. తప్పు చెప్తున్నానేమో మాత్రం ఒకసారి చూడండి." నేను తల ఊపాను, అంతే. ఆ రాత్రి నేను ఎవరి సాయమైనా ఒప్పుకున్నది అదే మొదలు, ఒప్పుకోవడానికి నాకు రెండు సెకన్లు కూడా పట్టలేదు.

తేడా ఎక్కడుందో చూడు. ఏం చేస్తుందో తనే చెప్పింది, ఎంతసేపటికోసారి చేస్తుందో చెప్పింది, నా వైపు నుంచి కావాల్సింది ఒక్క అవును లేదా కాదు. కాదన్నా తను చిన్నబుచ్చుకోదని ఆ కాగితం పెట్టిన తీరులోనే తెలిసిపోయింది. పైగా తను తీసుకున్న పనికి నాకున్నంత అనుభవం అక్కర్లేదు. "నాకేం వచ్చని అన్నకి సాయం చేయను" అని నువ్వు అనుకుని ఉంటావు, రెండున్నరేళ్ల అనుభవంతో అందరం అలాగే అనుకుంటాం, కానీ అలాంటి రాత్రుల్లో సమస్య విప్పడం ఒక్కటే పని కాదు. దాని చుట్టూ పది పనులుంటాయి. పైవాళ్లకి కబురు చెప్పాలి, క్లయింట్‌కి మెయిల్ రాయాలి, ఎన్ని గంటలకి ఏం చేశామో రాసుకోవాలి, డేటాబేస్ చూసే ఆయన ఫోన్ ఎత్తకపోతే ఇంకొకరిని లేపాలి, పోయిన వారం నుంచి ఏమేం మార్పులు ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడే అసలు సిస్టమ్‌లోకి, వెళ్లాయో జాబితా తీయాలి. ఇవన్నీ ఆ ఒక్క మనిషి మీదే పడతాయి, అసలు పనికి మిగిలేది గంటలో పావుగంట.

ఆ అమ్మాయి ఇంకొకటి కూడా చేసింది, అది నాకు ఇవాళ్టికీ కళ్లముందే ఉంది. అప్‌డేట్లు ఇవ్వడానికి టైములు కావాలి కాబట్టి పొడుగు నోట్‌బుక్‌లో గీత గీసి, ఒక వైపు రీస్టార్ట్ చేసిన టైము, ఇంకో వైపు పడిపోయిన టైము రాస్తూ పోయింది. పాత చాట్ లోంచి కూడా ఏరి రాసింది. తొమ్మిదిన్నర దాటాక ఆ నోట్‌బుక్ నా వైపు తిప్పి "అక్కా, ఇది చూడండి ఒకసారి" అంది. పడిపోయిన టైములు 8:47, 9:02, 9:17, 9:32. రీస్టార్ట్‌లు మాత్రం 8:53, 9:06, 9:27. నేను ఒకసారి పదకొండు నిమిషాలు, ఒకసారి ఐదు నిమిషాలు అని రీస్టార్ట్ నుంచి లెక్కపెడుతూ ముప్పావుగంట నుంచి తల బద్దలుకొట్టుకుంటున్నాను. అసలు రీస్టార్ట్‌తో దానికి సంబంధమే లేదు, నేను ఎప్పుడు లేపినా అది పడిపోయేది పావుగంటల లెక్కన. పావుగంటకోసారి నడిచేది ఒక్కటే ఉంది, ఫోల్డర్‌లోకి వచ్చిన ఫైళ్లు చదివే షెడ్యూల్డ్ జాబ్. వెళ్లి చూస్తే ఒక పాడైన ఫైల్ అక్కడే కూర్చుని ఉంది, జాబ్ ప్రతిసారీ దాన్నే మొదట్నుంచీ చదువుతోంది, తప్పు ఉన్న ప్రతి వరుసకీ ఎర్రర్ వస్తోంది, ఎర్రర్ వచ్చినప్పుడు కనెక్షన్ వెనక్కి ఇవ్వాల్సిన ఒక్క లైను కోడ్‌లో లేదు. నలభై తప్పులకి నలభై కనెక్షన్లు పోయాయి. ఫైల్ పక్కకి తీశాం, జాబ్ ఆపాం, అంతే, తగ్గిపోయింది. కోడ్ సోమవారం సరిచేశాం.

ఆ అమ్మాయికి కనెక్షన్ పూల్ అంటే ఏంటో అప్పటికి సరిగా తెలియదు. నాకు తెలుసు, కానీ టెన్షన్‌లో ఉన్నవాళ్లకి ముందున్న ఒక్క దారే కనిపిస్తుంది, చుట్టూ ఏముందో కనపడదు. పక్కన నెమ్మదిగా కూర్చుని రాసుకునే మనిషికి కనపడుతుంది.

నేను ఈ విషయం ఎవరికైనా చెప్పేటప్పుడు అమెరికాలోని యునైటెడ్ కంపెనీ 232 విమానం సంగతి కూడా చెప్తాను. 1989 జులై 19, డెన్వర్ నుంచి చికాగో వెళ్తున్న డీసీ-10. తోకలో ఉన్న ఇంజిన్ గాల్లో పగిలిపోయి, ఆ ముక్కలు తగిలి విమానం రెక్కల మీదా తోక మీదా ఉన్న పలకల్ని కదిపే మూడు హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) వ్యవస్థలూ పోయాయి. పైలట్లు చక్రం ఎటు తిప్పినా విమానం వినదు. ప్రయాణికుల్లో డెన్నీ ఫిచ్ అనే ఆయన ఉన్నాడు, అదే కంపెనీలో డీసీ-10 పైలట్లకి శిక్షణ ఇచ్చే పైలట్, ఆ రోజు డ్యూటీలో లేడు. ఆయన కాక్‌పిట్‌లోకి దూసుకుపోలేదు. ఎయిర్ హోస్టెస్‌తో కబురు పంపాడు, నేను డీసీ-10 శిక్షణ పైలట్‌ని, ఏదైనా చేయగలనంటే వస్తాను అని. తనెవరో, తనకి ఏం వచ్చో ఆ ఒక్క ముక్కలోనే ఉంది, కెప్టెన్ ఆల్ హేన్స్ రమ్మంటే చాలు. రాగానే ఆయనకి అప్పజెప్పిన పని ఏంటో తెలుసా? వెనక్కి వెళ్లి కిటికీలోంచి రెక్కల మీద ఏమైనా కదులుతోందేమో చూసి రమ్మన్నారు. అంత అనుభవం ఉన్న మనిషి ఎదురు చెప్పకుండా వెళ్లి చూసి వచ్చాడు. ఆ తర్వాత, ఏం కావాలో చెప్పండి, చేస్తాను అన్నాడు. పైలట్లిద్దరూ చక్రాలతో పెనుగులాడుతుంటే మధ్యలో ఉండి రెండు చేతులతో మిగిలిన రెండు ఇంజిన్ల జోరు పెంచి తగ్గించే పిడులు, అంటే థ్రాటిళ్లు, పట్టుకున్నాడు. ఒక ఇంజిన్ పెంచి ఒకటి తగ్గించి విమానాన్ని తిప్పుకుంటూ అయోవా రాష్ట్రంలోని సూ సిటీ విమానాశ్రయం దాకా తెచ్చారు. దిగేటప్పుడు విమానం ముక్కలైంది, ఉన్న 296 మందిలో 112 మంది పోయారు, 184 మంది బతికారు. నియంత్రణ మొత్తం పోయిన విమానంలో అంతమంది బతకడమే గొప్ప. నీ జీతాల ఫైల్‌ని దాంతో పోల్చడం లేదు, నేను చూసేది ఆయన వచ్చిన తీరు. నేను ఫలానా, నాకు ఇది వచ్చు, మీరు పిలిస్తే వస్తా, చెప్పింది చేస్తా.

ఇక నువ్వు అడిగిన రెండో ముక్క, వద్దన్నా మీదపడి చేయాలా అని. సిస్టమ్ మీద మాత్రం వద్దు, చెప్పకుండా చెయ్యి అస్సలు పెట్టొద్దు. ఈ తప్పు నేను చేశాను కాబట్టి చెప్తున్నా. ఒక కొలీగ్ డేటాబేస్‌లో ఒక సెషన్ (అక్కడ నడుస్తున్న ఒక పని) మిగతా అందర్నీ ఆపేస్తోందని చూస్తున్నాడు. నాకూ అది కనిపించింది, నలభై నిమిషాల నుంచి డేటాని ఇంకెవరూ ముట్టకుండా లాక్ పట్టుకుని కూర్చుంది, పాపం ఆయన బిజీగా ఉన్నాడు కదా అని దాన్ని నేనే కిల్ చేశాను, అంటే బలవంతంగా ఆపేశాను. అన్నీ కదిలాయి, నేను సంతోషపడ్డాను. ఆయన ముఖం పాలిపోయింది. ఆ సెషన్ ఏ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) దగ్గర ఆగిందో ఆయన సరిగ్గా అప్పుడే నోట్ చేసుకుంటున్నాడు, నా దెబ్బకి ఆ ఆధారం మొత్తం పోయింది. వారం తిరక్కుండా అదే సమస్య మళ్లీ వచ్చింది, ఆయన మళ్లీ ఒక రాత్రంతా కూర్చున్నాడు. ఇద్దరు ఒకేసారి మార్పులు చేస్తే ఏది పనిచేసిందో ఏది పాడుచేసిందో ఎవరికీ తెలియదు. చూడ్డానికి మాత్రం నీకు అడ్డేమీ లేదు, లాగ్స్ (సిస్టమ్ తను చేసిందంతా టైముతో రాసిపెట్టే రికార్డు) చదువు, పాత టికెట్లు (ముందు వచ్చిన సమస్యల నమోదులు) వెతుకు, ఇలాంటిది ముందెప్పుడైనా వచ్చిందా చూడు. మార్చేది మాత్రం ఒకే చెయ్యి.

మనిషి మీద అయితే, వద్దన్నప్పుడు గది వదిలి వెళ్లక్కర్లేదు. "సరే అన్నా, నేను నా సీట్లోనే ఉంటా. 8 నుంచి 8:20 దాకా లాగ్స్ చదువుతుంటా, ఏమైనా తేడాగా కనిపిస్తే చాట్‌లో ఒక్క లైన్ పెడతా, వీలున్నప్పుడు చూడు" అని చెప్పి నిజంగా ఆ పని చేయి. అన్నట్టు, చాట్‌లో పెట్టేటప్పుడు ఫలానా లాగ్, ఫలానా టైము, ఈ లైను అని పెట్టు, "అన్నా ఇదేమైనా కారణమా?" అని ప్రశ్న మాత్రం పెట్టకు, మళ్లీ ఆయనకి ఇంకో పని తగులుతుంది. అరగంట అయ్యాక మళ్లీ వెళ్లు, ఈసారి కొత్త ప్రశ్నతో కాకుండా చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్లు. అది లాగ్ కావచ్చు, ఇడ్లీ పొట్లం కూడా కావచ్చు. రాత్రి పదింటికి ఆయన ఏం తిన్నాడో ఆ పదిహేను మందిలో ఒక్కరికైనా తెలుసా? తిండి లేకుండా ఎనిమిది గంటలు కూర్చున్నవాడి బుర్ర ఎంతకని పనిచేస్తుంది. "తిన్నావా అన్నా?" అని అడిగితే "తర్వాత తింటాలే" అంటారు, అందుకని అడక్కుండా తెచ్చి విప్పి పక్కన పెట్టేయాలి.

కొంచెం నెమ్మదించాడు అనిపించినప్పుడు ఒక మాట అడగొచ్చు, "అన్నా, రెండు నిమిషాలు నాకు చెప్పు, ఇప్పటిదాకా ఏం చూశావో, ఏది కాదని తేలిందో" అని. నీకు అర్థమవ్వాలని కూడా కాదు. పైకి చెప్తుంటే చెప్పేవాళ్లకే ఎక్కడో తట్టుతుంది, "ఆగాగు, ఇది నేను చూడలేదు కదా" అంటారు, నేను ఎన్నిసార్లు చూశానో. ఆ రెండు నిమిషాలూ వినాలి, మధ్యలో "అది ఇలా చేసి ఉండాల్సింది" అన్న మాట రాకూడదు. "ఇది సింపులే కదా", "నేను అప్పుడే అన్నా" లాంటివి ఆ రాత్రి ఎవరి నోట విన్నా పదేళ్లు గుర్తుంటాయి.

వద్దన్నా వినకూడని సందర్భం ఒకటుంది. ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి, ఒకే కమాండ్ మళ్లీ మళ్లీ కొడుతున్నాడు, ప్రొడక్షన్ డేటా మీద డిలీట్ లాంటిదేదో నడపబోతున్నాడు, లేదా ఇంకో రెండు గంటలు పోతే జీతాలే ఆగిపోతాయి. అప్పుడు ముందు ఆయనకే చెప్పాలి. "అన్నా, మూడు గంటల నుంచి ఇదే చుట్టూ తిరుగుతున్నాం, డేటాబేస్ టీమ్ వాళ్లని నేను పిలుస్తున్నా" అని ఆయన ఎదురుగా చెప్పి, ఆ తర్వాతే మేనేజర్‌కి చెప్పాలి. చాటుగా పైకి చెప్పావంటే అది సాయం అనిపించుకోదు, ఫిర్యాదు అవుతుంది.

మీ మేనేజర్ అన్న మాట నాకు నచ్చలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. కాల్‌లో పదిహేను మందిని కూర్చోబెట్టిన మనిషి, ఎవరు కాల్ నడపాలి, ఎవరు కీబోర్డ్ దగ్గర ఉండాలి, ఎవరు బయటికి కబురు చెప్పాలి అని పది నిమిషాల్లో పంచి ఉండాల్సింది. ఇది కొత్త సంగతేం కాదు, 1970ల్లో కాలిఫోర్నియాలో అడవి మంటలు ఆర్పే దళాలు ఇలా పనులు విడదీసుకోవడం మొదలుపెట్టాయి, తర్వాత పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు కూడా అదే పద్ధతి తెచ్చుకున్నాయి. పంచని పని చేయలేదని రెండున్నరేళ్ల అనుభవమున్న కుర్రాణ్ని అనడం అన్యాయం.

కానీ మీ అన్న ముభావం వేరే, దానికి కారణం నువ్వు వద్దన్నాక ఊరుకోవడం కాకపోవచ్చు, నువ్వు పదిన్నరకి ఎలా వెళ్లావన్నది అయ్యుండొచ్చు. ఉత్తరంలో నువ్వు చెప్పి వెళ్లానని రాయలేదు. పదకొండింటికో పన్నెండింటికో ఆయన తల తిప్పి నీ సీటు వైపు చూసి ఉంటాడు. నువ్వు రాత్రంతా ఉండాల్సిందని అనను, అందరూ మేలుకుని ఉంటే పొద్దున ఎవరూ మిగలరు. "అన్నా, నేను వెళ్తున్నా, ఫోన్ సౌండ్‌లో పెట్టుకుంటా, పొద్దున ఆరింటికి నేను వచ్చి అందుకుంటా, నువ్వు వెళ్లి పడుకుందువు" అని ఒక్క మాట చెప్పి వెళ్లుంటే బాగుండేది. పొద్దున ఆరింటికి వచ్చి అందుకోవడం కూడా సాయమే, ఒక్కోసారి అదే పెద్దది.

ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. మెసేజ్ పెట్టకు, టీకి పిలువు. "అన్నా, ఆ రోజు నీకు చెప్పకుండా వెళ్లిపోయా, అది తప్పు. ఎలా సాయం చేయాలో తెలియక నిలబడిపోయా" అని అను, అంతకన్నా వివరణ వద్దు, మేనేజర్ ప్రస్తావన అసలు తేవద్దు. ఆయన "ఏం లేదులేరా" అంటాడు. అన్నాక కూడా అక్కడే ఉండి, ఈ నెలాఖరుకి కాల్ అప్‌డేట్లు, టైములు రాయడం నేను చూసుకుంటా అని ముందే చెప్పు. ఇంకా పది రోజులు టైముంటే, ఏ గొడవా లేని ఒక మధ్యాహ్నం ఆ జీతాల జాబ్ మొదట్నుంచీ ఎలా నడుస్తుందో, మొన్న ఎక్కడ ఆగిందో నోట్‌బుక్ పట్టుకుని ఆయన పక్కన కూర్చుని చెప్పించుకో. ఆ రాత్రి ఆయన ఏం చూశాడో అడిగిన మొదటి మనిషివి బహుశా నువ్వే అవుతావు.